దూదిని తెచ్చుకోవడానికి వెళ్ళి

ఫోను మోగినప్పుడు పరుపులక్క నోట్లో దారం ఉంది. ఒక చేతిలో దబ్బనం, ఇంకో చేతిలో పరుపు అంచు. టాకా కుట్టు సగంలో వదిలేస్తే లోపలి పత్తి ఒక పక్కకి జారి గుట్ట కడుతుంది. అందుకని ఫోన్ని దాని మానాన మోగనిచ్చి, దబ్బనం అవతలికి లాగి, ముడి బిగించి, పళ్ళతో దారం తెంపి, అప్పుడు అందుకుంది.

"ఎవరూ?"

అవతల బస్సుల హారన్లు, మైకులో ఎవరో ఏదో చెప్పడం వినిపించాయి. తరవాత ఒక ఆడగొంతు, చీకట్లో మెట్లు దిగేవాళ్ళలా ఒక్కో మాటా తడుముకుంటూ అంది. "నేనండీ... మోటార్లాయన ఇంట్లోంచి."

మోటార్లాయన ఒకప్పుడు పరుపులక్క మొగుడు. కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టడం ఆయన పని. ఆ ఇంట్లోంచి మాట్లాడే ఆడగొంతు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుని ఆరేళ్ళు కావస్తున్నా ఆ వీధివాళ్ళు ఆమెని ఇంకా కొత్తావిడ అనే అంటారని పరుపులక్క చెవిన పడుతూనే ఉంది. పడినప్పుడల్లా, ఎవరికీ చెప్పుకోదగ్గది కాకపోయినా, చిటికెడు తృప్తి కలుగుతూనే ఉంది.

"చెప్పండి," అంది.

"దూదికి బాలేదండీ. తిండి మానేసింది. నీళ్ళు కూడా చెంచాతో పోస్తేనే. డాక్టరుగారు ఇంక ఎక్కువ రోజులు ఉండదన్నారు. మీరొకసారి వస్తే..."

"ఆయన చెయ్యమన్నాడా?"

"లేదండీ. ఆయనకి తెలీదు. నేనే. బస్టాండు నుంచి చేస్తున్నా, డ్యూటీలో ఉన్నా." అని, టిక్కెట్టు కోసం ఎవరో కిటికీ తట్టినట్టున్నారు, పెట్టేసింది.

పరుపులక్క మళ్ళీ దబ్బనం పట్టుకుంది గానీ దారం ఎక్కించలేదు. గోడవారగా కూర్చుని పాత పరుపులోంచి తీసిన పత్తిని వేళ్ళతో విడదీస్తున్న పెద్దమ్మ తల ఎత్తింది. ఆవిడ పరుపులక్క తల్లికి అక్క. కళ్ళు సరిగా ఆనకపోయినా చెవులు మాత్రం పక్క వీధిలో గుసగుసని కూడా పట్టుకొస్తాయి.

"దూది పోయేట్టుందా?"

"ఊఁ."

"వెళ్తావా మళ్ళీ ఆ గడపలోకి?"

"వెళ్తాను. చూడ్డానికి కాదు, తెచ్చుకోడానికి," అంది పరుపులక్క. ఒక్కసారి మొదలుపెట్టాక ఆగలేకపోయింది. "ఆ రోజు పెద్దమనుషులంతా చేరి మంచం ఎవరికి, బీరువా ఎవరికి అని తేల్చారు. కుట్టుమిషను నాకిచ్చారు, పోనీలే. కుక్క దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ బావగారు ఏమన్నాడు? కుక్క ఇంటిని పట్టుకుని ఉంటుంది గానీ మనిషిని పట్టుకుని ఉండదన్నాడు. అంతా తలలూపారు. బుట్టెడు పత్తిలో కళ్ళు తెరవని పిల్ల దొరికితే, ఏది పత్తో ఏది కుక్కో తెలీని దాన్ని, పాలు పోసి బతికించింది నేను. నన్నొక్క మాట అడిగారా?"

"అడగలేదు. నువ్వూ అడగలేదు," అంది పెద్దమ్మ.

పరుపులక్క చేతిలో ఉన్న పరుపుని చుట్టి పక్కన పెట్టేసి, చాప మీద కొత్త గుడ్డ పరిచింది.

ఆ మధ్యాహ్నమంతా దూదికి పరుపు కుట్టింది. ముసలి ఎముకలకి మరీ మెత్తనిది పనికిరాదు, దిగబడిపోతే లేవలేదు. అందుకని కింద గట్టి ఫోము, పైన వేళ్ళతో విడదీసిన మేలురకం పత్తి. పత్తికీ ఫోముకీ మధ్య తడి దిగకుండా రెక్సిన్. మామూలుగా అయితే మధ్యమధ్య టాకాలు వేస్తుంది. దీనికి వెయ్యలేదు, ముడులు ఒళ్ళంతా గుచ్చుకుంటాయని. బదులుగా అంచుల పొడవునా సన్నటి కుట్టు నాలుగు వరసలు వేసింది. ఒక పక్క అంచుని మాత్రం పల్చగా, వాలుగా కోసింది, కాలు ఎత్తకుండానే ఎక్కేలా. కుట్టాక అరచేత్తో ఒత్తి చూసింది. తృప్తి కలగక తనే దానిమీద ముడుచుకుని పడుకుని చూసింది.

"నా నడుముకొకటి కుట్టవే అని ఏడాది నుంచి మొత్తుకుంటున్నా," అంది పెద్దమ్మ. "నాక్కూడా నాలుగు కాళ్ళుంటే బావుండేది."

"నీకు తోక కూడా కావాలి. ఉన్నది నోరొక్కటే," అంది పరుపులక్క, దారం తెంపుతూ.

మర్నాడు పొద్దున్నే, భుజాన సంచీతో, పరుపులు చేరవేసే చిన్న సరుకుల బండి మాట్లాడుకుని బయల్దేరింది. బండి నడిపే ముసలాయన్ని బాబాయ్ అని పిలుస్తుంది. ఆయన దారిలో ఒక్క మాటే అడిగాడు. "ఎవరికమ్మా ఇంత చిన్న పరుపు, పసిపిల్లకా?" పరుపులక్క అవునంది.

వీధి మొదట్లోనే దిగి బండికి ముందు నడిచింది. ఇస్త్రీ కొట్టు, మందుల షాపు, మలుపులో వంగిపోయిన కరెంటు స్తంభం. గుమ్మాల్లోంచి రెండు మూడు తలలు బయటికొచ్చి, ఆమెని చూసి, లోపలికి పోయి, ఇంకొకరితో కలిసి మళ్ళీ బయటికొచ్చాయి. చూసుకోండి, అనుకుంది. నా సొమ్ము నేను తీసుకుపోడానికి వచ్చాను.

గేటు గొళ్ళెం మీద చెయ్యి వేసిందో లేదో, లోపల్నించి మాటలు వినిపించాయి.

"ఏమే మహారాణీ, దర్బారు చాలించి లేస్తారా, పల్లకీ పంపమంటారా? ఆకలి లేదా? ఎవరి మీద అలక? వంటమనిషిని మార్చమంటారా?"

పరుపులక్క చెయ్యి గొళ్ళెం మీదే ఆగిపోయింది. ఆ మాటలు తనవి. మాటలే కాదు, చివర్న గొంతు పైకి లేపి విసుగు నటించడం కూడా తనదే. పొద్దున్నే లేవడానికి బద్ధకించే కుక్కపిల్లని లేపడానికి, తెల్లారి పాల గిన్నె పట్టుకుని, తను రోజూ తిట్టిన తిట్టది. ఇల్లు తీసుకుంది, మనిషిని తీసుకుంది, ఆఖరికి నా తిట్లు కూడానా.

గేటు తోసుకుని లోపలికి వెళ్ళింది.

సిమెంటు పెరడు, ఒక మూల కొళాయి, రేకుల కింద రాగి తీగల చుట్టలు, విప్పేసిన మోటార్ల ఇనుప డొల్లలు. మెట్ల కింద మడతపెట్టిన దుప్పటి మీద దూది పడుకుని ఉంది. ఒకప్పుడు ఎండలో చూస్తే కళ్ళు చెదిరే తెలుపు. ఇప్పుడు ఏళ్ళ తరబడి వాడిన పరుపులోంచి తీసిన పత్తి రంగు. తుంటి ఎముకలు పైకి పొడుచుకొచ్చాయి. కళ్ళకి పాలపొర కమ్మింది. పక్కన గొంతుక్కూర్చున్న మనిషి, చేతిలో చెంచాతోనే లేచి నిలబడింది. కొత్తావిడ అంటే పరుపులక్క ఎవరో మెరుపుతీగని ఊహించుకుంది. ఈమె భుజాలు వంగి, కళ్ళ కింద నల్లచారలతో, బస్టాండు యూనిఫాం మీద పాల మరకలతో, వారం రోజులుగా నిద్రలేని మనిషిలా ఉంది.

పరుపులక్క ఎవరితోనూ మాట్లాడకుండా కాస్త దూరంగా కింద కూర్చుని చెయ్యి చాపింది. దూది ముక్కు కదిలింది. వేళ్ళ చివర్ల నుంచి మణికట్టు దాకా, మణికట్టు నుంచి వేళ్ళ చివర్లకి, తొందర లేకుండా వాసన చూసింది. తరవాత తుమ్మింది. పత్తి ధూళి అంటిన ఆ చేతుల్ని వాసన చూసి తుమ్మడం దానికి చిన్నప్పటి నుంచీ అలవాటు. తుమ్మాక, గడ్డం తెచ్చి ఆ అరచేతిలో పెట్టింది. ఒళ్ళంతా తరిగిపోయింది గానీ ఆ గడ్డం బరువు మాత్రం తగ్గలేదు.

"గుర్తుపట్టిందండీ," అంది కొత్తావిడ. ఆ సంతోషంలో కల్తీ ఏమైనా ఉందేమోనని పరుపులక్క తలెత్తి చూసింది. దొరకలేదు.

మోటార్లాయన లోపల్నించి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. జుట్టు పల్చబడింది. చేతులకి ఎప్పటిలాగే గ్రీజు. ఏమని పలకరించాలో ఆయనకీ తెలీలేదు, ఆమెకీ తెలీలేదు. ఒకప్పుడు ఏమండీ అనేది. ఇప్పుడు ఆ పిలుపు ఇంకొకరిది.

"నేను తీసుకెళ్ళడానికి వచ్చాను," అంది పరుపులక్క, దూది తలని నిమురుతూ, దూదితోనే చెబుతున్నట్టు. "బండి తెచ్చాను."

ఆయన చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. "తీసుకెళ్ళు," అన్నాడు. "అప్పుడే నీతో పంపాల్సింది. బావ అన్నాడని ఊరుకున్నా." రేకుల కిందికి వెళ్ళి ఒక మోటారు ముందు కూర్చుని బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. ఇంత తేలిగ్గా వస్తుందనుకోలేదు. పోట్లాడటానికి కూడగట్టుకుని వచ్చిన బలమంతా ఏం చెయ్యాలో తోచక చేతుల్లోనే ఉండిపోయింది.

కొత్తావిడ లోపలికి వెళ్ళి ఒక సంచీ తెచ్చింది. ఒక్కొక్కటే తీసి చూపిస్తూ సంచీలో పెట్టింది. "ఇవి పొద్దున, ఇవి సాయంత్రం. రొట్టె పాలల్లో నానబెట్టి, అందులో నలిపేస్తే తెలీకుండా మింగేస్తుంది. ఎడంవైపు ఎక్కువసేపు పడుకోనివ్వకండి, నొప్పెడుతుంది. లేవలేక మూలుగుతుంది చూడండి, అప్పుడు పొట్ట కింద ఈ తువ్వాలు వేసి రెండు కొసలూ పట్టుకుని లేపితే నిలబడుతుంది. ఉరుములంటే భయం. అది మీకు తెలుసు. ఇదివరకు లేదు గానీ ఈమధ్య ప్రెషరు కుక్కరన్నా భయమే." తువ్వాలు మడతపెట్టబోయి, ఇది తడిసింది ఇంకోటి తెస్తానండీ, అని లోపలికి వెళ్ళింది. ఎంతకీ రాలేదు. వంటింట్లో కొళాయి విప్పిన చప్పుడు మాత్రం వస్తూనే ఉంది.

బండి బాబాయి పరుపు దించి పెరట్లో పరిచాడు. పరుపులక్క దూదిని రెండు చేతులా ఎత్తి దానిమీద పడుకోబెట్టింది. దూది ఒళ్ళు సర్దుకుని, ముక్కుతో అంచు కుట్టుని తాకి, పెద్దగా నిట్టూర్చింది. నప్పింది, అనుకుంది పరుపులక్క. అలా పరుపు అంచులు పట్టుకుని ఎత్తి బండిలో పెట్టేస్తే చాలు.

అంతలో దూది చెవులు వంటింటి వైపు తిరిగాయి. కొళాయి చప్పుడు ఆగలేదు. దూది ముందు కాళ్ళు చాపి పరుపు వాలు దాటింది. వెనక కాళ్ళు వెంట రాలేదు. ముందు కాళ్ళతోనే ఒళ్ళంతా లాక్కుంటూ, కాస్త దూరం పోయి ఆగి, రొప్పి, మళ్ళీ లాక్కుంటూ, పెరడు దాటి వంటింటి మెట్టు దాకా వెళ్ళింది. ఆ ఒక్క మెట్టూ ఎక్కలేదు. గడ్డం మెట్టు మీద పెట్టి లోపలికి చూస్తూ ఉండిపోయింది.

కొళాయి ఆగింది. "ఎందుకొచ్చావే," అంది కొత్తావిడ లోపల్నించి. గొంతు బొంగురుపోయి ఉంది. "నువ్వు బండెక్కాలి కదా. వెళ్ళవే. మీ అమ్మ వచ్చింది."

పరుపులక్క పెరటి మధ్యలో నిలబడి చూసింది. కుక్క ఇంటిని పట్టుకుని ఉంటుంది, మనిషిని పట్టుకుని ఉండదు అన్నాడు బావగారు. అబద్ధం. తను అప్పుడే అనాల్సింది ఆ మాట. దూది మనిషినే పట్టుకుని ఉంది. కాకపోతే ఆ మనిషి తను కాదు.

ఆ నిజం తగలగానే ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. ఆరేళ్ళుగా రాత్రి పక్క మీద వాలేముందు వచ్చే ఆలోచన ఒకటుంది, దూదికి ఎవరైనా అన్నం పెట్టారో లేదో, ఉరిమినప్పుడు ఎవరైనా దగ్గరికి తీసుకున్నారో లేదోనని. ఆ ఆలోచన బరువు ఎంతో, అది దిగినప్పుడే ఆమెకి తెలిసింది.

"బాబాయ్, నువ్వెళ్ళు," అంది.

"మరి కుక్క?"

"అది రాదు."

"మరి నువ్వు?"

పరుపులక్క పరుపుని చుట్టి చంకన పెట్టుకుంది. "ఉంటాను," అని, వెళ్ళి వంటింటి మెట్టు పక్కన పరిచింది.

బండి వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ముగ్గురూ ఒకరి కాళ్ళకి ఒకరు అడ్డం తగులుతూ తిరిగారు. మధ్యాహ్నానికి ఇద్దరాడవాళ్ళూ మెట్టు దగ్గర, పరుపుకి చెరోపక్కా కూర్చున్నారు. కొత్తావిడ చెంచాతో పాలరొట్టె పెడుతుంటే, పరుపులక్క దూది దవడ కింద చెయ్యి పట్టింది. ఒక చెంచా లోపలికి పోతే ఒకటి బయటికి వచ్చింది. రేకుల కింద బోల్టులు పళ్ళెంలో పడుతున్న చప్పుడు.

"ఆ మోటారు ఎవరిది?" అంది పరుపులక్క.

"మాదే. బాగానే పనిచేస్తోంది."

"మా అత్తగారు పోయిన రోజున ఫ్యాను విప్పాడు."

"మా నాన్న పోయినప్పుడు మిక్సీ విప్పారు," అంది కొత్తావిడ. "ఇప్పటికీ సరిగా తిరగదు."

ఇద్దరి పెదాలూ ఒకేసారి వంకరపోయాయి. ఇద్దరూ చూపులు దూది మీదికి తిప్పుకున్నారు. కాసేపటికి పరుపులక్క, ఉదయం నుంచీ నాలుక చివర ఉన్నదాన్ని అడిగేసింది.

"మహారాణీ, దర్బారూ... ఆ మాటలు ఎక్కడ నేర్చుకున్నారు మీరు?"

కొత్తావిడ చెంచా గిన్నెలో పెట్టేసింది. దొంగతనం బయటపడ్డట్టు ముఖం దించుకుంది. "నేనీ ఇంటికి వచ్చిన కొత్తలో ఇది తిండి ముట్టేది కాదండీ. గేటు దగ్గర పడుకుని రోడ్డు వంక చూసేది. నేను పిలిస్తే వినిపించనట్టే ఉండేది. పస్తులుండి చచ్చిపోతుందేమోనని భయమేసింది. ఇదివరకు ఎలా తినేదండీ అని ఈయన్నడిగితే, ఏమో నేనెప్పుడూ చూడలేదు అన్నారు. పక్కింటి మామ్మనడిగాను. ఆవిడ గోడవతల నుంచి రోజూ వినేదట. మీరేమని తిట్టేవారో అంతా చెప్పింది. ఎక్కడ గొంతు పెంచాలో కూడా చెప్పింది. నాకు రాకపోతే నాలుగుసార్లు చెప్పించింది. పొద్దున్నే గిన్నె పట్టుకుని అలాగే తిట్టాను." ఆగి, దూది చెవి వెనక గోకింది. "లేచి నిలబడిందండీ. చుట్టూ చూసింది, మీకోసం. మీరు కనబడలేదు. అయినా తిన్నది. అప్పట్నుంచీ రోజూ అవే మాటలు. పేరు కూడా మార్చమన్నారు ఈయన, కొత్తదేదైనా పెట్టుకో అన్నారు. నేనొప్పుకోలేదు. దానికి ఉన్నవల్లా రెండే, పేరూ, మీ మాటలూ. అవి కూడా తీసేస్తే ఎలా?"

పరుపులక్క దూది మూతికి అంటిన పాలు కొంగుతో తుడిచింది.

"ఈ ఇంట్లో మీ ఊసు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదండీ," అంది కొత్తావిడ, ఈసారి చిన్నగా నవ్వుతూ. "నేను మాత్రం రోజూ పొద్దున్నే మీ గొంతుతో లేచేదాన్ని. మీకు కోపం వస్తుందని తెలుసు."

"వచ్చింది," అంది పరుపులక్క. "పొద్దున గేటు దగ్గర." గిన్నెలోంచి చెంచా తీసి, అడుగున మిగిలిన రొట్టెని మెత్తగా నలిపి, కొత్తావిడ చేతికిచ్చింది. "పెట్టు. నీ చేత్తో అయితే మింగుతోంది."

మీరు పోయి నువ్వు వచ్చిన సంగతి ఇద్దరూ గమనించారు. ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు.

సాయంత్రం డాక్టరు వచ్చింది. నడివయసు మనిషి, చెప్పులు బయట విడిచి, సరాసరి నేల మీదే కూర్చుంది. కనురెప్పలు ఎత్తి చూసింది, పొట్ట నొక్కి చూసింది. దూది మూలిగింది గానీ పళ్ళు చూపించలేదు.

"మూత్రపిండాలు పనిచెయ్యడం మానేశాయి. ఇంక తిరిగి రావు," అంది. "సెలైన్ పెడితే ఇంకొంచెం లాగుతుంది. కానీ ఆ లాగినన్నాళ్ళూ బాధే. లేదంటే ఇంజక్షను ఇచ్చి నిద్రపుచ్చుతాను. నొప్పి తెలీదు. ఏం చెయ్యమంటారో మీరు చెప్పండి."

"సెలైన్ పెట్టండి," అన్నాడు మోటార్లాయన నిలబడే. "ఎంతైనా పెట్టండి."

డాక్టరు ఆయన్ని చూసింది. తరవాత ఇద్దరాడవాళ్ళనీ చూసింది. "దీన్ని ఎవరు చూసుకుంటారు?"

కొత్తావిడ వెంటనే పరుపులక్క వైపు చెయ్యి చూపింది. "ఈవిడండీ. ఈవిడే పెంచింది. ఈవిడ చెప్పాలి."

ఆరేళ్ళ కిందట ఎవరూ అడగని ప్రశ్న ఇప్పుడు తన ముందుకొచ్చి కూర్చుంది. పరుపులక్క దాని వంక చూసింది. ఔనన్నా కాదన్నా ఇక్కడెవరూ అడ్డు చెప్పరు.

"నేను పాలు పోశాను," అంది. "పెంచింది నువ్వు. ఎటువైపు పడుకుంటే దానికి నొప్పో తెలిసినదానివి. నువ్వు చెప్పు."

"నేనెలా చెప్తానండీ? నాకేం హక్కుంది?"

"అది పొద్దున లాక్కుంటూ నీ దగ్గరికే వచ్చింది. అంతకంటే ఏం కావాలి?"

కొత్తావిడ దూది పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. శ్వాస పైకి వచ్చినప్పుడు చెయ్యి పైకి, కిందికి పోయినప్పుడు కిందికి. డాక్టరు తొందర పెట్టలేదు. "వారంనుంచీ నన్ను చూసి తోక ఊపుతోంది, నేను బాధపడతానని," అంది చివరికి. "ఇంక ఊపించుకోలేను. రేపు పొద్దున రండి డాక్టరుగారూ. పెరట్లోకి ఎండ వచ్చాక. దానికి ఎండంటే ఇష్టం."

మోటార్లాయన చేతిలో స్పానరు కింద పెట్టాడు. కాదనలేదు.

పొద్దున ఎండ ముందు గోడ మీదికి, తరవాత కొళాయి మీదికి, తరవాత పెరట్లోకి దిగింది. ఇద్దరూ పరుపుని చెరోవైపూ పట్టి ఎండలోకి జరిపారు. గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి కొత్తావిడ దూది ముఖం తుడిచింది. పరుపులక్క దువ్వెనతో మెడ వెనక జుట్టు దువ్వింది. చిక్కులు లేవు. ఎక్కడా ఒక్క పుండు లేదు, ఒక్క పురుగు లేదు. గోళ్ళు పద్ధతిగా కత్తిరించి ఉన్నాయి. ఇన్నాళ్ళు మంచాన పడ్డ జీవం ఒళ్ళు అలా ఉండాలంటే ఎంత చెయ్యాలో, పరుపులూ మంచాలూ చూసిన పరుపులక్కకి తెలుసు.

డాక్టరు వచ్చి సామాను సర్దుకుంటూ, "తల దగ్గర ఒకరు కూర్చోండి," అంది.

కొత్తావిడ లేచి పక్కకి జరిగింది. పరుపులక్క ఆమె చెయ్యి పట్టి మళ్ళీ అక్కడే కూర్చోబెట్టి, తను కాళ్ళ వైపుకి పోయింది. వెనక కాళ్ళు రెండూ ఒళ్ళోకి తీసుకుంది. పిల్లప్పుడు అలా పట్టుకుంటే గింజుకునేది. ఇప్పుడు వదిలేసింది.

మోటార్లాయన చేతులు సబ్బుతో తోముకుని వచ్చాడు. గోళ్ళ సందుల్లో గ్రీజు పోలేదు గానీ ఆయన చేతులు అంత శుభ్రంగా ఉండటం ఇద్దరూ ఎప్పుడూ చూడలేదు. వచ్చి నేల మీద కూలబడి, దూది వీపు మీద చెయ్యి వేశాడు. ఈ మనిషి ఏదో ఒకటి అనకుండా ఉంటే బావుండునని పరుపులక్క అనుకుంది. ఆయన అన్నాడు.

"బాగా చూసుకున్నావే మమ్మల్ని."

అంతే అన్నాడు.

సూది గుచ్చినప్పుడు దూది కదల్లేదు. కొత్తావిడ దాని చెవిలో ఏదో చెబుతూనే ఉంది, పైకి వినపడకుండా. పరుపులక్క చేతుల్లో కాళ్ళు మెల్లగా బరువెక్కాయి. ఎండ దాని పక్కటెముకల మీద పడి ఉంది. అవి పైకి లేచాయి, దిగాయి, లేచాయి. మళ్ళీ లేవలేదు. డాక్టరు చెయ్యి పెట్టి చూసి, తలూపి, కాసేపు అక్కడే కూర్చుని, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది.

పెరటి చివర సిమెంటు లేని చోట మోటార్లాయన గొయ్యి తవ్వాడు. ఇంకెవర్నీ పార ముట్టుకోనివ్వలేదు. పరుపుతోపాటే దించారు.

మట్టి కప్పి కాళ్ళు కడుక్కుంటుంటే పక్కింటి మామ్మ వచ్చింది. కర్ర పట్టుకుని పెరట్లో అడుగుపెట్టి, వంటింటి మెట్టు మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దర్నీ చూసి ఆగిపోయింది. ఒకరి వైపు ఒక అడుగు వేసింది. ఆగి, ఇంకొకరి వైపు తిరిగింది. కర్ర మధ్యలో నిలబెట్టింది.

"ఇప్పుడు నేనెవర్ని ఓదార్చాలే?" అంది నిజంగానే తెలీక.

"దీన్ని ఓదార్చు మామ్మా," అంది పరుపులక్క. "ఆరేళ్ళు కడుపున పెట్టుకుని చూసింది. పోయింది దీని బిడ్డ."

అప్పటిదాకా కొళాయి చాటున తప్ప ఏడవని కొత్తావిడ, మామ్మ కూర్చోగానే ఒళ్ళో తల పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు గోడ దాటి వీధిలోకి పోయింది. పరుపులక్క మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది. చెయ్యి అలవాటుగా కిటికీ పక్క అరలోకి పోయింది. అక్కడ గ్లాసులు లేవు, డబ్బాలున్నాయి. గ్లాసులు ఎక్కడున్నాయో వెతుక్కోవలసి వచ్చింది. వెతుకుతూ చూసింది, అన్నీ పొందిగ్గా, ఎత్తుకి తగ్గట్టు, ఇంకొకరి చేతివాటానికి అమరి ఉన్నాయి. బాగా సర్దుకుంది, అనుకుంది. అలా అనుకున్నప్పుడు ఎక్కడా కలుక్కుమనలేదు.

ఎండ వాలుతుండగా బయల్దేరింది. మోటార్లాయన రేకుల కింద విప్పిన మోటారుని మళ్ళీ బిగిస్తున్నాడు. వెళ్ళొస్తానంటే తలూపాడు. కొత్తావిడ బస్సు దాకా వస్తానంది. వద్దన్నా వినలేదు. పరుపులక్క సంచీని కూడా లాక్కుని తనే భుజాన వేసుకుంది. ఇస్త్రీ కొట్టు, మందుల షాపు, మళ్ళీ గుమ్మాల్లో తలలు. ఈసారి ఆ తలలకి ఏమనుకోవాలో తోచినట్టు లేదు. పెద్ద భార్య ముందు, ఆవిడ సంచీ మోస్తూ చిన్న భార్య వెనక. మలుపు దగ్గర దారి ఇరుకైతే ఒకరి భుజం ఒకరికి తగిలింది.

బస్సు వచ్చి ఆగింది. పరుపులక్క సంచీ అందుకుని ఒక మెట్టు ఎక్కి వెనక్కి తిరిగింది. కొత్తావిడ రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు నిలబడి ఉంది.

"ఇప్పుడు ఇంటికెళ్ళి ఏం చేస్తావు?"

"ఏమో అక్కా. రేపటిదాకా సెలవు పెట్టాను దానికోసం." పైకి చూసింది. "ఈపాటికి మందు వేసే వేళ. ఇప్పుడింక వెయ్యక్కర్లేదు కదా."

కండక్టరు కడ్డీ పట్టుకుని, "అమ్మా, పైకి రావాలి," అన్నాడు.

పరుపులక్క చెయ్యి చాపింది. "ఎక్కు."

"నేనా? ఎక్కడికి?"

"మా ఇంటికి. రేపు సాయంత్రం పంపిస్తాను. పని ఉంది, పత్తి విడదీయాలి. మా పెద్దమ్మ నిన్ను చూసి మొదట కాసేపు తిడుతుంది, పట్టించుకోకు. తిట్టించుకోవడం, తిట్టడం రెండూ వచ్చినదానివేగా."

"ఆయనకి చెప్పలేదు. చెప్పులు కూడా ఇంట్లోవే."

"మోటారు బిగించి, మనిషి లేదని చూసుకుని, ఫోను చేస్తాడు. ఈలోపు ఊరు దాటతాం. ఎక్కవే."

కొత్తావిడ ఒకసారి వెనక్కి, వీధి మలుపు వైపు చూసింది. చాపిన చెయ్యి పట్టుకుని, రబ్బరు చెప్పులతో, బస్సెక్కింది.